పడిపోయిన ఇంటి మనుమడు

పాఠభాగము: 2 సమూయేలు 4:4, 9:1–13, 16:1–4, 19:24–30



ఈ నెల మనము ధ్యానింపబోవువాడు రాజు కాడు, ప్రవక్త కాడు, యుద్ధశూరుడును కాడు. సౌలు మనుమడును యోనాతాను కుమారుడునైన మెఫీబోషెతు. సండేస్కూలు పిల్లలకు కూడ తెలిసిన పేరే. అయితే మన ప్రసంగములలో అతని కథ దావీదు బల్లయొద్దనే ముగిసిపోవుచున్నది. కుంటివానిని రప్పించి, బల్లయొద్ద కూర్చుండబెట్టి, దావీదు దయను కొనియాడి, పాట పాడి ఇంటికి పోవుచున్నాము. అటు తరువాత అతడు ఎట్లు బ్రదికెను? అతని పొలముల పంట ఎవరు తినిరి? తన తాత సింహాసనముమీద వేరొకడు కూర్చుండియుండగా ఆ యింటనే దినదినము భోజనము చేయుట ఎట్లుండెను? సెమినరీలో చదువుకొన్న దినములలో మేము ఈ ప్రశ్నలు అడుగలేదు. సంఘములలో చాల యేండ్లు తిరిగిన తరువాత అడుగవలసి వచ్చినది.

అడిగించినది గోదావరిఖనిలో ఒక క్వార్టరులో జరిగిన ఇంటి కూటము. తొమ్మిదవ అధ్యాయము చదువుట ముగియగానే ఆ ఇంటి ముసలాయన గోడకు ఆనుకొని కూర్చున్నవాడు కూర్చున్నట్లే ఇట్లనెను: "అయ్యగారూ, గిట్లాంటోడు మనకు గూడ ఒకాయన ఉండె గదా. నిజాం మనుమడు. ఎక్కడనో పరాయి దేశంల డోజర్ నడుపుకుంట బతికిండట." ఆయన బావిలో ఫిల్లరుగా చేసి, ఊపిరి సరిగా ఆడక, మెడికల్ అన్‌ఫిట్ అయి దిగిపోయినవాడు. ఆయన మాట విని కొందరు నవ్విరి. గడపమీద కూర్చున్న ఆయన పెద్దకొడుకు మాత్రము నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో చివర చెప్పెదము. ముందుగా ఆ మనుమని సంగతి చూతము.

ఆ ఇల్లు మనకు పరాయిది కాదు

హైదరాబాదును ఏలిన ఆసఫ్ జాహీల వంశము 1724లో మొదలై 1948 వరకు నిలిచెను. బొగ్గుబావుల ప్రాంతమున నివసించు మనకు ఆ వంశముతో ఉన్న సంబంధము కోటలతోను దర్బారులతోను ఉన్నది కాదు, మన అన్నముతో ఉన్నది. 1871లో ఇల్లెందు ప్రాంతమున విలియం కింగ్ అను భూగర్భశాస్త్రవేత్త బొగ్గు కనుగొనెను. 1886లో ఇంగ్లండులో స్థాపింపబడిన హైదరాబాదు దక్కన్ కంపెనీ నిజాము ప్రభుత్వమునుండి త్రవ్వు హక్కు పొందెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేర అది హైదరాబాదు చట్టము క్రింద రిజిస్టరాయెను. 1945లో హైదరాబాదు రాజ్యము అందులో అధిక భాగము షేర్లు కొనివేసెను. అనగా, కంపెనీ సర్కారు చేతికి వచ్చిన మూడేండ్లకే ఆ సర్కారు పడిపోయినది. 1956లో ఆ షేర్లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు, 2014లో తెలంగాణ ప్రభుత్వమునకు సంక్రమించినవి. యజమానులు మారిరి గాని బావిలో దిగువాని తట్ట మారలేదని మన పెద్దలు అనెడివారు. గోదావరిఖనిలో బావులు తెరచునప్పటికే, అనగా 1960 ప్రాంతమునకే, నిజాము రాజ్యము పాతకథ అయిపోయెను.

ఇక ఆ పతనము. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము హైదరాబాదులో ప్రవేశించెను. 17వ తేదీన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ లొంగిపోయెను. దీనిని మనము ఒక దినపు సంగతిగా చెప్పుకొందుము. రజాకార్ల దౌర్జన్యమును, ఆ తరువాత పల్లెలలో జరిగిన హింసను మన ఊళ్లలోని ముసలివారు చెప్పగా వినియున్నాము. ఆ గాయములను ఇచట మరల తెరువము. మేము చెప్పునది ఇంకొకటి. రాజుల ఇల్లు ఒక్క దినమున పడదు. మొదట కత్తి పోయెను. 1949 ఫిబ్రవరిలో సర్ఫేఖాస్ భూములు పోయెను; రాజ్యములో ఇంచుమించు పదవ వంతు భూమి నిజాము సొంత ఖర్చునకు ఉండెడిది, అదే సర్ఫేఖాస్. 1950 జనవరిలో రాజప్రముఖ్ అను పదవి ఇచ్చిరి. 1956 అక్టోబరు ఆఖరున అదియు పోయెను. 1967 ఫిబ్రవరి 24న ఉస్మాన్ అలీ ఖాన్ గతించెను. 1971 డిసెంబరులో రాజ్యాంగమునకు చేసిన 26వ సవరణతో బిరుదును రాజభరణమును కూడ రద్దయినవి. పైకప్పు ఒక యేట, గోడ మరియొక యేట కూలిన ఇల్లు ఎట్లుండునో అట్లుండెను. దానిలో నివసించువారు మాత్రము ప్రతి యేడును ఇంకను ఏదో మిగిలియున్నదని తలంచుచుండిరి.

సౌలు ఇంటి సంగతియు అంతే. గిల్బోవలో సౌలును యోనాతానును పడిరి. అయినను ఆ ఇల్లు ఆ దినమున ముగియలేదు. ఇష్బోషెతు కొంతకాలము రాజనిపించుకొనెను, అబ్నేరు దానిని మోసెను, రెండు ఇండ్ల మధ్య యుద్ధము బహుకాలము జరిగెను. ఆ గిల్బోవ వార్త వచ్చిన దినమున మెఫీబోషెతునకు అయిదేండ్లు. దాది అతనిని ఎత్తుకొని తొందరగా పారిపోవుచుండగా అతడు పడి రెండు కాళ్లును కుంటువడెను. ఇది గమనింపుడు: అతనిని శత్రువు కొట్టలేదు. కాపాడబోయిన చేతులనుండియే అతడు జారిపడెను.

కొడుకును దాటి వచ్చిన పేరు

నిజాము మనుమడు ముకర్రం జా 1933 అక్టోబరు 6న ఫ్రాన్సు దేశములోని నీస్ పట్టణమున పుట్టెను. హైదరాబాదు రాజు మనుమడు అక్కడేల పుట్టెనని అడుగుదురు. అతని తల్లి దుర్రె షెహ్వార్ తురకల సామ్రాజ్యపు ఉస్మానీ వంశస్థురాలు, ఆఖరి ఖలీఫా అబ్దుల్ మెజీదుకు కుమార్తె. 1924 మార్చిలో టర్కీ ప్రభుత్వము ఖలీఫా పదవిని రద్దుచేసి ఆయనను కుటుంబసహితముగా దేశమునుండి పంపివేసెను. ఆయన నీస్‌లో కాలము గడుపుచుండగా, మన నిజాము నెలకు 300 పౌన్లు పంపుచుండెను. 1931లో నిజాము కుమారులిద్దరికి ఆ వంశపు కన్యలతో అక్కడనే వివాహములు జరిగెను. కాబట్టి ముకర్రం జా పుట్టునాటికే తల్లివైపు ఇల్లు కూలియున్నది. తండ్రివైపు ఇల్లు అతనికి పదునైదేండ్లు నిండకమునుపే కూలెను. ఇద్దరు తాతలు, రెండు పడిపోయిన ఇండ్లు. ఇట్టి వారసత్వము లోకములో ఎందరికి కలుగును?

డెహ్రాడూన్‌లోని డూన్ స్కూలు, ఇంగ్లండులో హారో, కేంబ్రిడ్జి, శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయము — చదువునకు ఏ లోటును లేదు. కొంతకాలము పండిత నెహ్రూ గారికి గౌరవ అంగరక్షకాధికారిగా కూడ ఉండెను. ఏలుటకు కావలసినదంతయు నేర్పిరి. ఏలుటకు రాజ్యము మాత్రము లేదు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. ముకర్రం జా తండ్రి ఆజం జా, నిజాముకు జ్యేష్ఠ కుమారుడు. బేరారు యువరాజు అను బిరుదు, రాజ్యసైన్యములకు అధిపతి అను పదవి ఆయనకుండెను. వంశాచారము చొప్పున తరువాతి నిజాము ఆయనే కావలెను. అయితే కుమారుని దుబారా ఖర్చులును అప్పులును తండ్రికి సరిపడలేదని చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. 1954లో నిజాము ఆయనను ప్రక్కకు పెట్టి మనుమని వారసునిగా ప్రకటించెను. 1967 ఏప్రిల్ 6న చౌమహల్లా ప్యాలెసులో 33 ఏండ్ల ముకర్రం జాకు పట్టాభిషేకము జరిగినప్పుడు తండ్రి ఆజం జా సజీవుడై యుండెను. అటుపిమ్మట మూడేండ్లు బ్రదికి 1970 అక్టోబరులో గతించెను.

ఆ మూడేండ్లు ఆ తండ్రికిని ఆ కొడుకునకును మధ్య ఏమి మాటలు జరిగినవో మనము ఊహింపనక్కరలేదు. ఒక పేరును దాటి మరియొక పేరు వ్రాయబడినప్పుడు ఇంటిలో ఏమి జరుగునో బొగ్గుబావుల ప్రాంతమున ఉన్న మనకు బాగుగ తెలియును. తండ్రి అన్‌ఫిట్ అయి దిగిపోయినప్పుడు ఉద్యోగము ఒక్కనికే. ఫారముమీద ఒక్క పేరే పట్టును. పెద్దవాడా, చిన్నవాడా, అల్లుడా అని ఎన్ని రాత్రులు వాదము జరుగునో, ఆ వాదమును తీర్చుటకు మమ్మును ఎన్నిమారులు పిలిచియున్నారో లెక్కలేదు. సింహాసనము చిన్నదైనను పెద్దదైనను దాని మీద ఒక్కడే కూర్చుండును.

పదునాలుగు వేలమందికి పెద్దకొడుకు

ముకర్రం జాకు వచ్చినదేమి? ధనము వచ్చినది, అది నిజమే. అతని తాతను 1937లో టైమ్ పత్రిక లోకములోకెల్ల ధనవంతుడని ముఖచిత్రముతో ప్రకటించినది. అయితే ఆ ధనముతోకూడ వచ్చినదానిని జనులు చెప్పుకొనరు. అతని జీవితచరిత్ర వ్రాసిన జాన్ జుబ్రిట్స్కీ చెప్పుదాని ప్రకారము తాత పోషించుచుండిన నౌకర్లును ఆశ్రితులును 14,000 మందికి పైగా అతని నెత్తిన పడిరి. సంపాదన ఆగిపోయిన ఇంటిలో తినువారు 14,000 మంది! తాత ఆస్తిని అనేక ట్రస్టులుగా విభజించి పోయెను. బంధువులు వాటాలకై కోర్టుకెక్కిరి. పన్నులవారు వచ్చిరి, భూపరిమితి చట్టములు వచ్చెను. 1971తో బిరుదు పోయినను, బిరుదును చూచి చేయి చాచువారు పోలేదు.

దావీదు మెఫీబోషెతును పిలిపించినప్పుడును ఇట్టిదే జరిగెను. అతడు లోదెబారులో మాకీరు ఇంట తలదాచుకొనియుండెను. రాజు పిలిచినాడనగా చంపుటకేనని భయపడి సాష్టాంగపడెను. పడిపోయిన వంశములవారిని కొత్తరాజులు ఆ కాలమున ఏమి చేయుచుండిరో అతనికి తెలియును. దావీదు అతని భయము తీర్చి, సౌలు భూములన్నియు తిరిగి ఇచ్చెను. ఇంతవరకు మనము ఎరుగుదుము. అయితే ఆ భూములను సాగుచేయువాడెవడు? సౌలు ఇంటి పాతదాసుడైన సీబా. అతనికి 15 మంది కొడుకులు, 20 మంది దాసులు. యజమాని కుంటివాడై యెరూషలేములో రాజు బల్లయొద్ద నుండగా, పొలమును పంటయు, పంట లెక్కయు సీబా చేతిలోనే యుండెను. పేరు ఒకనిది, పట్టు వేరొకనిది. ఈ ఏర్పాటు చేసినవాడు దావీదే. మేము దావీదును తక్కువచేసి మాటలాడుట లేదు గాని, దయతో చేసిన ఏర్పాటులో కూడ చిక్కులుండును.

దావీదు అబ్షాలోమునకు భయపడి పారిపోవునప్పుడు సీబా గంతలు కట్టిన రెండు గాడిదలమీద 200 రొట్టెలు, ఎండుద్రాక్షలు, అంజూరపు అడలు, ద్రాక్షారసము తెచ్చి ఎదురువచ్చెను. నీ యజమాని మనుమడేడీ అని రాజు అడుగగా, రాజ్యము తనకు తిరిగి వచ్చునని ఆశపడి యెరూషలేములో నిలిచిపోయెనని చెప్పెను. అంతే, దావీదు విచారింపక మెఫీబోషెతు ఆస్తియంతయు సీబాకు ఇచ్చివేసెను. ఆకలితోనున్న రాజునకు రొట్టె తెచ్చినవాని మాట నిజమువలె కనబడును. ఆ రొట్టెలు ఎవరి పొలమున పండిన గోధుమలతో చేసినవని దావీదు అడుగలేదు.

డోజరు

ముసలాయన చెప్పిన డోజరు సంగతి నిజమే. ముకర్రం జా 1970 దశకము మొదట్లో ఆస్ట్రేలియా వెళ్లి, ఆ దేశపు పడమటి తీరమున మర్చిసన్ హౌస్ అను గొఱ్ఱెల క్షేత్రమును కొనెను. విస్తీర్ణము ఇంచుమించు 5 లక్షల ఎకరములు. చిన్నతనమునుండి అతనికి యంత్రములంటే ప్రీతి. మోటారు ఇంజనులను విప్పి బిగించుట అతనికి వేడుక. అక్కడ పెద్ద బుల్‌డోజరులు తెప్పించి తానే నడుపుచు, ఎండలో బాటలు వేయుచు, గొఱ్ఱెలను చూచుకొనుచు కాలము గడిపెను. నమస్కారములు లేవు, నజరానాలు లేవు, గుమ్మమున అర్జీలు పట్టుకొని నిలిచినవారు లేరు.

మన ఓపెన్‌కాస్టులలో డోజరు నడుపు తమ్ములను మేము అడిగితిమి: ఆ పని ఎట్లుండును? ఒకడు చెప్పెను: "లివర్ పట్టుకున్నంక ఇంకేం యాదికుండదయ్యగారూ. ముందట మట్టి, మనం. గంతే." ఈ జవాబు విన్న తరువాత నిజాము మనుమని చూచి మేము నవ్వలేకపోతిమి. 14,000 మంది పేర్లు మరచిపోవుటకు ఆ మనుష్యుడు ఆ లివరు పట్టుకొనియుండును.

అయితే అతనియందు తప్పు లేదని మేము చెప్పుట లేదు. ఉన్నది. అతడు దూరమున గొఱ్ఱెలను కాయుచుండగా ఇంటి మంద చెదరిపోయెను. చేసిన సంతకములు ఏవో, ఎవరికిచ్చిన అధికారపత్రములు ఎట్టివో చూచుకొనలేదు. చౌమహల్లా దుమ్ముపట్టిపోయి, దానిలోని విలువైన వస్తువులనేకము మాయమాయెను. ఇచట సీబాలు ఒక్కరు కారు, అనేకులు. ఆస్ట్రేలియాలోను అప్పులు పెరిగెను. 1996లో అతడు ఆ క్షేత్రమును గొఱ్ఱెలను విడిచి టర్కీకి వెళ్లిపోయెను. అంటాల్యా పట్టణమున ఒక చిన్న ఫ్లాటులో కాపురముండెను. తల్లివైపు తాతను వెళ్లగొట్టిన దేశమే ముసలితనమున అతనికి నీడనిచ్చినది.

నగల సంగతి కూడ చెప్పవలెను, ఎందుకనగా జనులు దానినే అడుగుదురు. తాత 1951లో ట్రస్టుగా వ్రాసిన నగలు 173 వస్తువులు. ఏండ్ల తరబడి వ్యాజ్యములైన పిమ్మట 1995లో భారతప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు వాటిని కొనెను. వాటిలో జేకబ్ వజ్రము ఒక్కటియే 184 క్యారెట్లకు పైగా ఉన్నది. ఏడవ నిజాము దానిని కాగితములు ఎగిరిపోకుండ బరువుగా పెట్టుకొనెడివాడు. వచ్చిన సొమ్ము వారసులందరికి పంచగా ఎవరి వాటా వారికి చిన్నదాయెను. చీరాలు చించి పంచుకొన్నట్టు.

హైదరాబాదు వెళ్లువారు జూబిలీహిల్సులో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు చూచియుందురు. 1998లో దానిని జాతీయ ఉద్యానవనముగా చేసిరి. అతనికొరకు కట్టిన చిరాన్ ప్యాలెసు ఆ చెట్ల నడుమనే యున్నది. ఉదయమున అక్కడ నడకకు వచ్చువారిలో ఎందరికి ఆ ఇంటివాని పేరు తెలియునో మేమెరుగము.

చౌమహల్లాను బాగుచేసినది మాత్రము అతనినుండి ఎన్నడో విడాకులు పొందిన మొదటి భార్య ఎస్రా గారు. తనకు బాధ్యత లేదని ఊరకుండవచ్చును. ఆమె తిరిగివచ్చి, కోర్టు తగవులు తీర్చుకొనుచు, గది తరువాత గది బాగుచేయించెను. 2005లో ప్రజలకు దాని తలుపులు తెరచిరి; 2010లో యునెస్కో వారి పురస్కారము వచ్చెను. ఇంటి పేరు వదలిపెట్టినది ఇల్లు నిలబెట్టినది. మన కోడండ్ర విషయమై మాటలు తూలనాడు పెద్దమ్మలు ఈ సంగతి ఒకసారి ఆలోచింతురు గాక.

సగము సగము

ఇప్పుడు పందొమ్మిదవ అధ్యాయము తెరువుడి. అబ్షాలోము చచ్చి దావీదు తిరిగి వచ్చుచున్నాడు. మెఫీబోషెతు ఎదురువచ్చెను. రాజు వెళ్లిన దినమునుండి అతడు కాళ్లు కడుగుకొనలేదు, గడ్డము కత్తిరించుకొనలేదు, బట్టలు ఉదుకుకొనలేదు. దాసుడు తన్ను మోసపుచ్చెనని, కుంటివాడనగుటచేత తాను వెంట రాలేకపోతినని చెప్పుకొనెను. వీరిద్దరిలో ఎవడు అబద్ధికుడో తేల్చి చెప్పలేమని వ్యాఖ్యాతలు కొందరు వ్రాసిరి. మేము మెఫీబోషెతును నమ్ముచున్నాము. రాజ్యమునకు ఆశపడినవాడు గడ్డము దువ్వుకొని కూర్చుండును గాని మాసిన బట్టలతో ఉండడు.

దావీదు చేసిన తీర్పు చూడుడి. విచారణ లేదు, సాక్షులు లేరు. మీరిద్దరు భూమి పంచుకొనుడని చెప్పి మాట ముగించెను. మేము కూడ సంఘములో ఇట్టి తీర్పులు చేసియున్నాము. పొద్దుపోయినది, ఇద్దరును అరచుచున్నారు, సగము సగము తీసికొనుడని చెప్పి ప్రార్థన చేసి లేచిపోయితిమి. అది సమాధానమని తలంచితిమి. అన్యాయము పొందినవానికి సగము వచ్చుట, అన్యాయము చేసినవానికి సగము మిగులుట అని అప్పుడు తోచలేదు.

మెఫీబోషెతు చెప్పిన జవాబు, అంతయు సీబాయే తీసికొననిమ్మనియు, రాజు క్షేమముగా ఇంటికి వచ్చుటయే తనకు చాలుననియు. పడిపోయిన ఇంటి మనుమడు తన తాత భూములను ఈ విధముగా వదలుకొనెను. వదలుకొనుటకు ముందు తనకు జరిగిన మోసమును దాచక చెప్పెను, అది మరువకుడి. నోరు మూసికొని వదలుకొనలేదు.

ముకర్రం జాకు ఇట్టి ఘడియ ఆలస్యముగా వచ్చెను. 1948 సెప్టెంబరులో, ఆ ఇల్లు కూలుచున్న దినములలో, నిజాము ప్రభుత్వపు సొమ్ము 10 లక్షల పౌన్లకు పైగా లండనులో పాకిస్తాను రాయబారి పేరిట ఒక బ్యాంకులో వేయబడెను. నాటినుండి అది మాదనగా మాదని పాకిస్తాను, భారతదేశము, నిజాము వారసులు పోరాడిరి. ఎవరికిని ఇయ్యక బ్యాంకు దానిని అట్టేపెట్టెను. చివరకు ముకర్రం జాయును, అతని తమ్ముడు ముఫఖం జాయును భారతప్రభుత్వముతో పోట్లాట మాని ఒడంబడిక చేసికొనిరి. 2019 అక్టోబరు 2న లండను హైకోర్టు ఆ పక్షమునకే తీర్పు ఇచ్చెను. సొమ్ము వడ్డీతో 3 కోట్ల 50 లక్షల పౌన్లయి యుండెను. తాత రాజ్యమును తీసికొన్న ప్రభుత్వమును, ఆ తాత మనుమలును ఒకే ప్రక్క నిలిచిరి. అప్పటికి అన్నకు 86వ యేడు నడుచుచుండెను. 71 సంవత్సరములు పట్టినది.

అతడు 2023 జనవరి 14న ఇస్తాంబులులో గతించెను. మృతదేహమును హైదరాబాదు తెచ్చి, చౌమహల్లాలో జనుల దర్శనార్థమై ఉంచిరి. జనవరి 18న తెలంగాణ ప్రభుత్వము లాంఛనములతో మక్కా మసీదు ఆవరణలో, తన పూర్వికుల సమాధుల నడుమ పాతిపెట్టిరి. తాతమాత్రము అచట లేడు. ఏడవ నిజాము కింగ్‌కోఠీ యెదుటి జూదీ మసీదులో తన తల్లి ప్రక్కన ఉన్నాడు.

ఇక ఆ ఇంటి సంగతి. ముసలాయనకు ఇద్దరు కొడుకులు. ఆయన దిగిపోవునాటికి పెద్దవానికి వయస్సు మించిపోయెను. చిన్నవాని పేరు వ్రాసిరి. వాడు బదిలీ వర్కరుగా చేరెను. జీతములో అన్నకు ప్రతి నెల కొంత ఇచ్చునట్లు పెద్దల ముందర మాట అనుకొనిరి, మేమును అందులో ఉంటిమి. కాగితము వ్రాయలేదు, దేవుని పిల్లలకు కాగితమెందుకని మేమే అంటిమి. రెండేండ్లు ఇచ్చెను. తరువాత పెండ్లి, పిల్లలు, అప్పులు, ఇచ్చుట ఆగిపోయెను. నాలుగేండ్లనుండి అన్నదమ్ములు మాటలాడుకొనుట లేదు. ఆ రాత్రి అన్న కూటమునకు వచ్చెనేగాని గడప దాటి లోపలికి రాలేదు.

కూటములో మేము పందొమ్మిదవ అధ్యాయము కూడ చదివించితిమి. మునుపటివలె సగము సగమని చెప్పుటకు మాకు నోరు రాలేదు. కాగితము వలదని చెప్పిన తప్పు మాదేనని అందరి యెదుట ఒప్పుకొంటిమి. కొంచెము సేపు ఎవరును మాటలాడలేదు. అప్పుడు గడపమీదనుండి అన్న అడిగెను: "అయ్యగారూ, మెఫీబోషెతు అన్నీ ఇచ్చేస్తనన్నడు. మరి సీబా తీసుకున్నడా?"

మేము గ్రంథము అటునిటు త్రిప్పి చూచితిమి. ఆ మాట వ్రాయబడలేదు. సీబా ఏమి చేసెనో అచట లేదని చెప్పితిమి. తమ్ముడు తల వంచుకొనియుండెను. తండ్రి దగ్గుచు లేచి, గోడ పట్టుకొని గడపదాక నడచి, పెద్దకొడుకు ప్రక్కన కూర్చుండెను. కోడలు చాయ తెచ్చెను, మొదటి గ్లాసు బావగారికిచ్చెను. ఆయన తీసికొనెను.

వచ్చే కూటము అన్న ఇంటనే. ఈసారి తెల్లకాగితమును, ఒక కలమును తెమ్మని తమ్ముడే మాకు కబురు చేసెను.